గోడ మీద లేని నంబరు

మా తమ్ముడికి నిద్ర కరువైన రోజుల్లో ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి బరంపురంలోని ఒక క్లినిక్కుకు నాలుగు వారాలు తిప్పాను. గోడ మీద బంగారు అంచు ఫ్రేములో సర్టిఫికెట్ ఉంది గానీ రిజిస్ట్రేషన్ నంబరు లేదు. అడిగితే ఆ క్లినికల్ సైకాలజిస్టు మాట దాటేశారు.

క్లినికల్ సైకాలజిస్టుల పేర్లు 1992 నాటి చట్టం కింద రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిర్వహించే రిజిస్టరులోనూ, మందులు రాసే సైకియాట్రిస్టుల పేర్లు వైద్య మండలి రిజిస్టరులోనూ ఉంటాయని తెలుసుకుని, ఆ రాత్రే ఆ కౌన్సిల్ వెబ్‌సైటులో వెతికాను. ఎన్ని స్పెల్లింగులతో వెతికినా ఆయన పేరు కనబడలేదు.

మరునాడు మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే ఉచిత టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడాను. సంతలో బేరానికి మావాడి ఒడియా చాలు, గుండెలో గుబులు చెప్పుకోవడానికి చాలదు. ఇప్పుడు బరంపురంలోని ప్రభుత్వ ఎంకేసీజీ మెడికల్ కాలేజీ మానసిక విభాగంలో చూపిస్తున్నాం.