కోనసీమ ఉప్పుగాలికి మోడల్ రైలు పట్టా: ఏ లోహం కొనాలి

మోడల్ ఇంజనుకు కరెంటు పట్టాల నుంచి చక్రాల ద్వారా అందుతుంది. పట్టా నెత్తిన మురికో చిలుమో పేరుకుంటే బండి ఆగి ఆగి నడుస్తుంది. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో, ముసురు రోజుల్లో ఈ బెడద ఎక్కువ.

కొత్తగా కొనేవాళ్లు నికెల్ సిల్వరే తీసుకోండి. పేరులోనే తప్ప దీంట్లో వెండి లేదు. ఉన్నవి రాగి, జింకు, నికెల్. కరెంటు మోయడంలో నిజానికి ఇత్తడే చాలా మెరుగు. కానీ అది తొందరగా నల్లబడుతుంది, నికెల్ సిల్వర్ నిదానంగా. కరెంటు మోయడంలో లోటును తీగలతో పూడ్చుకోవచ్చు. బల్ల కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగల జత పొడవునా లాగి, మీటరుకొకచోట 0.5 తీగతో ఒక్కో తీగను దాని వైపు పట్టాకే కలపండి. పట్టా ముక్కలను కలిపే జాయినర్లనే నమ్ముకుంటే వాటి సందుల్లో చిలుము పట్టి, దూరం వెళ్లేకొద్దీ బండి నీరసపడుతుంది.

స్టీలు పట్టా ఈ డెల్టాలో వద్దే వద్దు, తుప్పు పడుతుంది. పాత సెట్టు కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడండి: అంటుకుంటే స్టీలు. అంటుకోకపోతే రంగు చూడండి, పచ్చగా ఉంటే ఇత్తడి, తెల్లగా ఉంటే నికెల్ సిల్వర్.

లోహంతోపాటు ఎత్తు కూడా అడగాలి. కోడ్ 100 అంటే 2.54 మిల్లీమీటర్లు, కోడ్ 83 అంటే సుమారు 2.1. ఒకే ఎత్తువైతే ఇత్తడినీ నికెల్ సిల్వర్‌నూ మామూలు జాయినర్‌తో కలపొచ్చు. ఎత్తులు వేరైతే మెట్టు పడి చక్రం ఎగురుతుంది. దానికి ప్రత్యేక జాయినర్ కావాలి.

తీగను టంకంతో అతికేటప్పుడు రోజిన్ ఫ్లక్సే (టంకం బాగా పట్టేందుకు పూసేది) వాడండి. ఆమ్లపు ఫ్లక్స్ మిగిలిపోతే అతుకును తినేస్తుంది. వేడికి ప్లాస్టిక్ స్లీపర్లు కరగకుండా అతుకుకు రెండు పక్కలా తడి దూది పెట్టండి.

వేడికి సాగే పట్టాకు చోటు వదలాలి. 20 డిగ్రీలు పెరిగితే మీటరు నికెల్ సిల్వర్ దాదాపు 0.3 మిల్లీమీటర్లు సాగుతుంది. సంక్రాంతి చలిలో పరిస్తే జాయింట్లలో విజిటింగ్ కార్డు మందం ఖాళీ ఉంచండి. రోహిణీ కార్తె ఎండల్లో పరిస్తే దాదాపు అక్కర్లేదు. ఖాళీ లేకుండా చలిలో బిగించిన పట్టా వేసవికి పక్కకు వంగుతుంది. రాజమండ్రి ఆర్చి వంతెన కట్టాలనుకునేవాళ్లు ఇది మరీ గమనించాలి. ఒక్కో స్పాన్ 97.55 మీటర్లు, అంటే 1:87 కొలతలో 112 సెంటీమీటర్లు. ఫ్లెక్స్ ట్రాక్ (వంచుకోగల పట్టా) ముక్క 91 సెంటీమీటర్లే. స్పాన్ మధ్యలో అతుకు తప్పదు కాబట్టి అక్కడా ఖాళీ చూసుకోండి.

శుభ్రానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలుగుడ్డ చాలు. గరుకు కాగితం గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. స్టీలు పీచు పోగులు మోటారు అయస్కాంతానికి అంటుకుని షార్టు చేస్తాయి. ఇత్తడి బిందెలా మెరుస్తుందని చింతపండు రుద్దకండి, ఆ పులుసు జాయినర్లలోకి దిగితే కడిగినా పోదు.