గోడకు బ్రష్ తగిలించే ముందు

రంగు డబ్బా మూత తీయడం ఆఖరి పని. ముందు గోడ సంగతి చూడాలి.

అరచేత్తో గోడను రుద్దండి. తెల్లటి పొడి అంటితే దాని మీద వేసిన రంగు కొన్నాళ్లకే పొరలుగా లేస్తుంది. గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక ప్రైమర్ (రంగు గోడను పట్టుకునేలా ముందు వేసే పూత) వేయాల్సిందే. చెమ్మ అనుమానం ఉన్నచోట జానెడు పాలిథిన్ ముక్కను నాలుగువైపులా టేపుతో అంటించి ఒకట్రెండు రోజులు వదిలేయండి. లోపలివైపు నీటిబొట్లు కనిపిస్తే తేమ గోడలోంచే వస్తోందన్నమాట. అది ఎక్కణ్నుంచో కనిపెట్టి ఆపేదాకా రంగు జోలికి పోవద్దు. బూజును రంగుతో కప్పెట్టడమూ దండగే, మళ్లీ పైకి వస్తుంది.

పాత ఇల్లైతే పాత పొరల్లో సీసం ఉండొచ్చు. ఆ దుమ్ము పిల్లల మెదడుకు, గర్భిణులకు చాలా హాని. పరీక్ష చేయించకుండా ఎమరీ పేపరు పట్టొద్దు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు.

ఇక మిగతావి:

- స్విచ్‌బోర్డు ప్లేట్లు విప్పే ముందు మెయిన్ ఆపండి.
- నిచ్చెన కాళ్లు నేల మీదే ఆనాలి. పరిచిన ప్లాస్టిక్ షీటు మీద పెడితే జారుతుంది.
- కిటికీలు తెరిచి ఉంచండి. ఆయిల్ పెయింట్ అయితే దగ్గర్లో నిప్పు వద్దు. ఆ పెయింట్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. విడివిడిగా బయట ఆరేయండి.
- ఒకే రంగు డబ్బాలు రెండు మూడుంటే పెద్ద బకెట్లో కలిపేసుకోండి. లేదంటే గోడ మధ్యలో ఛాయ మారే ప్రమాదముంది.
- అంచులకు రంగు అంటకుండా అతికించిన మాస్కింగ్ టేపును రంగు గట్టిపడక ముందే పీకాలి.