ఆర్వీలో నదుల వెంట ట్రిప్: రిటైర్ అయిన జంట ఎలా వెళ్ళాలి, ముఖ్యంగా కొండ ఎలా దిగాలి

అమెరికాలో రిటైరైన మనవాళ్ళు ఈ మధ్య ఆర్వీ (లోపలే మంచం, వంటగది, బాత్రూమ్ ఉన్న ఇల్లులాంటి బండి) ట్రిప్పులకి బాగానే బయల్దేరుతున్నారు, మంచిదే. కానీ వైఫై వస్తుందా, సోలార్ ఎన్ని వాట్లు కావాలి, ఫ్రిజ్‌లో పెరుగు పుల్లబడుతుందా అని అడిగేవాళ్ళే తప్ప, ఆరున్నర టన్నుల బండిని కొండ మీంచి నది దగ్గరకి ఎలా దించాలండీ అని అడిగినవాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు. ఐడహో, తూర్పు ఒరెగన్, తూర్పు వాషింగ్టన్ వైపు నదులు రాజమండ్రి గోదావరిలా ఊరి పక్కనే చేతికందేట్టు ఉండవు. పీఠభూమిని కోసుకుంటూ ఎక్కడో కింద పారతాయి. స్నేక్ నది తవ్విన హెల్స్ కేన్యన్ లోతు 7,993 అడుగులు, ఉత్తర అమెరికాలో అంత లోతైన నదీ లోయ ఇంకోటి లేదు. అంటే ఈ ట్రిప్ మొత్తం దిగడం, ఎక్కడం, మళ్ళీ దిగడం. ఎక్కడం ఇంజన్ చూసుకుంటుంది, దిగడం మాత్రం మీరే చూసుకోవాలి.

బండి

అద్దెకే తీసుకోండి, కొనొద్దు. ఏడాదికి ఒకటి రెండు సార్లు తిరిగేదానికి కొని ఇంటి ముందు పెట్టుకుంటే హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) వాళ్ళ నోటీసులు, చలికాలంలో పైపులు పగలకుండా యాంటీఫ్రీజ్, ఇదంతా ఎందుకు. క్లాస్ సి (వ్యాన్ చాసీ మీద కట్టిన మధ్యరకం ఆర్వీ), 25 అడుగులు, అంతకంటే ఒక్క అడుగు ఎక్కువ వద్దు. 32 అడుగులది తీసుకుంటే మనవలు కూడా పడతారు అంటారు, ఇద్దరు వెళ్ళే ట్రిప్‌కి మనవల మంచాలు ఎందుకో నాకు అర్థం కాదు. ఇవి ఎక్కువగా ఫోర్డ్ ఈ-450 మీద కట్టినవే, నిండా లోడ్‌తో 14,500 పౌండ్ల దాకా ఉంటాయి, మామూలు కారు లైసెన్స్ చాలు. ఆ చాలడమే అసలు ప్రమాదం, ఎవరూ ఏమీ నేర్పరు, తాళాలు ఇచ్చి ఓ ఇరవై నిమిషాల వీడియో చూపించి పంపేస్తారు. మీ కారు ఇన్సూరెన్స్ దీనికి వర్తిస్తుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, చాలావాటికి వర్తించదు.

సామాన్ల సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. లెవలింగ్ బ్లాకులు, నీళ్ళ ప్రెషర్ రెగ్యులేటర్, సర్జ్ ప్రొటెక్టర్, తాగునీటికి వేరే గొట్టం, మురుగు గొట్టం, దాంతో పాటు పారేసే గ్లవ్స్ ఒక డబ్బా. బీపీ, షుగర్ మందులు రెండు వారాలకి ఎక్స్‌ట్రా. ఇన్సులిన్ ఉంటే ఫ్రిజ్‌లో చిన్న థర్మామీటర్ పెట్టండి, గ్యాస్ మీద నడిచే పాతరకం ఫ్రిజ్‌లు బండి ఒరిగి ఉంటే సరిగ్గా చల్లబరచవు.

పాస్, బుకింగులు

62 దాటిన సిటిజన్లకి, గ్రీన్‌కార్డ్ వాళ్ళకి 80 డాలర్లకి ఫెడరల్ పార్కుల్లో జీవితాంతం పనిచేసే సీనియర్ పాస్ ఇస్తారు, ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో చాలాచోట్ల దాంతో సగం రేటే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి ఇది రాదు, అడిగి భంగపడకండి. స్టేట్ పార్కుల్లో కూడా పనిచెయ్యదు. ఫెడరల్ సైట్లు చాలావరకు ఆరు నెలల ముందు ఓపెన్ అవుతాయి, ఆ రోజు పొద్దున్నే కూర్చుని బుక్ చేసెయ్యండి.

సెప్టెంబర్‌లోనే వెళ్ళాలి. జూన్‌లో మంచు కరిగి నదులు బురదగా పొంగుతాయి, ఆగస్టులో అడవులు తగలబడి పొగ. సెప్టెంబర్‌లో పిల్లలు బడికి పోతారు, క్యాంప్‌గ్రౌండ్లలో మనలాంటివాళ్ళే మిగులుతారు.

రూటు

నేను ఎవరికైనా చెప్పే రూటు ఒక్కటే. సియాటెల్ నుంచి ఐ-90 మీద వాంటేజ్ దగ్గర కొలంబియా నది దాటి స్పోకేన్, అక్కణ్ణించి యూఎస్-195, తర్వాత యూఎస్-95 పట్టుకుని దక్షిణంగా లూయిస్టన్, గ్రేంజ్‌విల్, వైట్ బర్డ్, రిగ్గిన్స్, బోయిసీ. ఓపిక ఉంటే ట్విన్ ఫాల్స్ దాకా వెళ్ళి షోషోనీ జలపాతం చూడండి, 212 అడుగులు, నయాగరా కంటే ఎత్తు, కాకపోతే నీళ్ళు పొలాలకి మళ్ళిస్తారు కాబట్టి సెప్టెంబర్‌లో సన్నగా ఉంటుంది. వెనక్కి ఐ-84 మీద పెండిల్టన్, కొలంబియా గోర్జ్ (కొలంబియా నది లోయ), పోర్ట్‌లాండ్, ఇల్లు. ఎల్లోస్టోన్ కలుపుదామా అని అడుగుతారు. వద్దు. అక్కడ పార్కింగ్ కోసం తిరగడానికే సగం రోజు పోతుంది, పైగా ఐడహో నుంచి జాక్సన్ వెళ్ళే టీటన్ పాస్ 10 శాతం వాలు, అద్దె ఆర్వీతో కొత్తగా వెళ్ళేవాళ్ళు అటు వైపు చూడనే కూడదు.

రోజుకి 200 మైళ్ళు మించొద్దు, మధ్యాహ్నం మూడింటికల్లా సైట్‌లో ఉండాలి. రిగ్గిన్స్ దగ్గర సాల్మన్ నది వంతెన దాటగానే పసిఫిక్ టైమ్ పోయి మౌంటెన్ టైమ్ వస్తుంది, ఓ గంట మాయమైపోతుంది, అది లెక్కలో పెట్టుకోండి.

కొండ దిగడం

ఇది మాత్రం నిదానంగా చదవండి, కుదిరితే ఇద్దరూ కూర్చుని చదవండి.

ఈ రూటులో పెద్ద దిగుడు దారులు మూడు. స్పోకేన్ నుంచి వస్తుంటే లూయిస్టన్ హిల్, దాదాపు 2,000 అడుగులు ఏకబిగిన దిగి, ఐడహో మొత్తంలో అతి పల్లమైన చోటికి, క్లియర్‌వాటర్ వచ్చి స్నేక్‌లో కలిసే సంగమం దగ్గరకి చేరతారు. తర్వాత గ్రేంజ్‌విల్ దాటాక వైట్ బర్డ్ గ్రేడ్, 4,245 అడుగుల శిఖరం నుంచి సాల్మన్ లోయలోకి, 7 శాతం వాలు, మైళ్ళ కొద్దీ. తిరుగు దారిలో పెండిల్టన్ ముందు క్యాబేజ్ హిల్, పేరు చూసి నవ్వుకుంటారు గానీ ఆరు మైళ్ళలో 2,000 అడుగులు, మధ్యలో రెండు హెయిర్‌పిన్ మలుపులు. 6 శాతం అంటే ఎంతలే అనుకుంటారు చాలామంది. మైలుకి 300 అడుగుల పైచిలుకు అండీ, ముప్పై అంతస్తుల మేడ.

మనవాళ్ళు చేసేది ఏంటంటే డ్రైవ్‌లోనే ఉంచి, బ్రేకు మీద కాలు పెట్టి, కింద దాకా అలాగే మెల్లగా నొక్కుతూ దిగుతారు. జాగ్రత్తగానే దిగుతున్నాం కదా అనుకుంటారు. ఆ జాగ్రత్తే కొంప ముంచుతుంది. కాలు తియ్యకపోతే ప్యాడ్లు, డిస్కులు చల్లారే సందు ఉండదు, కాలిన వాసన వస్తుంది, పెడల్ మెత్తబడుతుంది, ఇంకా వేడెక్కితే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు పడతాయి, అప్పుడు పెడల్ నేలకి తగిలినా బండి ఆగదు. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, అందుకే బండి తీసుకునేటప్పుడు ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో అడగండి. వింతగా చూస్తారు, చూడనివ్వండి.

తిరుమల ఘాట్ దిగే పాత డ్రైవర్లని ఎవర్నడిగినా చెప్తారు, ఎక్కిన గేర్లోనే దిగాలి అని. అదే ఘాట్ మీద న్యూట్రల్‌లో పెట్టి డీజిల్ మిగిల్చానని గొప్పలు చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ పక్క సీట్లో కూర్చోకండి. ఇక్కడ బండి ఆటోమేటిక్ అయినా సూత్రం అదే, బండిని పట్టి ఆపాల్సింది ఇంజన్, బ్రేకు కాదు.

పద్ధతి చెప్తా వినండి. శిఖరం ఇంకా రాకముందే ఆగే చోటు చూసి పక్కకి ఆపండి. క్యాబేజ్ హిల్ పైన అయితే డెడ్‌మన్ పాస్ రెస్ట్ ఏరియా ఉంది, అక్కడ తప్పనిసరిగా ఆగాలి, బాత్రూమ్ పని లేకపోయినా సరే. క్రూజ్ కంట్రోల్ తీసెయ్యండి. గేర్ రాడ్ చివర టో-హాల్ అని బటన్ ఉంటుంది, నొక్కండి. ట్రైలర్ లాగట్లేదు కదా అది ఎందుకు అని అడక్కండి, అది నొక్కితే మీరు బ్రేకు తొక్కినప్పుడు బండి తనంతట తనే కింది గేరుకి దిగి పట్టుకుంటుంది. స్పీడ్ గంటకి 40 మైళ్ళకి తెచ్చుకుని, కింది గేరు వేసుకుని, అప్పుడు శిఖరం దాటండి. ముందు దాటేసి తర్వాత గేరు సంగతి చూద్దాం అంటే కుదరదు, స్పీడ్ ఎక్కువైపోతే బండి కింది గేరు తీసుకోదు, ఇంజన్ పాడవుతుందని అదే ఒప్పుకోదు. అలా అయితే ముందు బ్రేకుతో గట్టిగా స్పీడ్ తగ్గించి అప్పుడే గేరు మార్చాలి.

గేరు పడగానే ఇంజన్ అరుస్తుంది. నాలుగు వేల ఆర్‌పీఎం చూపిస్తుంది, పక్కన కూర్చున్నావిడ ఏమైందండీ అంటుంది, మీ గుండె కూడా కొంచెం కొట్టుకుంటుంది. ఏం కాలేదు. ఎర్ర గీత దాటనంత వరకూ అది ఇంజన్ చెయ్యాల్సిన పనే చేస్తోంది. ఆ గోలకి భయపడి పై గేరుకి మార్చేవాళ్ళే నాకు ఎక్కువ కనిపిస్తారు, మార్చగానే గోల ఆగుతుంది, బండి మాత్రం పరిగెత్తుతుంది. మా ఇంట్లో రూల్ ఏంటంటే శిఖరం నుంచి కింద వంతెన దాకా ఎవరూ మాట్లాడకూడదు, పాటలు కూడా బంద్, ఇంజన్ చప్పుడు వినపడాలి. మా ఆవిడకి ఆ రూల్ నచ్చదు. ఆవిడ డ్రైవ్ చేసేటప్పుడు మాత్రం నాకు గట్టిగానే అమలు చేస్తుంది.

ఇప్పుడు బ్రేకు. 40 మీ హద్దు అనుకోండి. ముల్లు 40కి రాగానే బ్రేకు గట్టిగా తొక్కి 35కి తెచ్చి, పూర్తిగా కాలు తీసెయ్యండి. మళ్ళీ 40 అయ్యేదాకా ముట్టుకోకండి. ట్రక్కు డ్రైవర్లకి లైసెన్స్ పుస్తకంలో నేర్పించేది కూడా ఇదే. కాలు తీసి ఉన్న ఆ టైములోనే బ్రేకులు చల్లారతాయి. మాటిమాటికీ తొక్కాల్సి వస్తోందంటే మీరు ఉన్న గేరు పెద్దది, ఇంకొకటి దించండి. వెనక కార్లు చేరితే చేరనివ్వండి, కుడి లేన్‌లో ఉండి, చోటు దొరికిన దగ్గర పక్కకి తప్పుకుని దారి ఇవ్వండి, వాషింగ్టన్‌లో రెండు లేన్ల రోడ్ల మీద వెనక ఐదు బళ్ళు చేరితే అలా తప్పుకోవడం చట్టం కూడా. లోడ్ ట్రక్కు మీకంటే నెమ్మదిగా దిగుతుంటే దాన్ని దాటెయ్యాలని చూడకండి, అతనికి ఆ కొండ తెలుసు.

అన్నీ చేసినా పెడల్ మెత్తబడితే? లూయిస్టన్ హిల్ మీద, వైట్ బర్డ్ మీద రన్‌అవే ర్యాంపులు ఉన్నాయి, కంకర పోసిన దారులు, బండి దాంట్లో కూరుకుపోయి ఆగుతుంది. అవి ట్రక్కులకే కాదు. సిగ్గుపడి, డబ్బులు లెక్కేసుకుని, తర్వాతి మలుపులో చూద్దాం అనుకోకండి. మామూలుగా దిగినా సరే, కింద చదును రోడ్డు మీద ఓ అరగంట ఆపి చక్రాల దగ్గర వాసన చూడండి. వేడిగా ఉన్నాయని నీళ్ళు మాత్రం పొయ్యొద్దు, డిస్కులు వంకర పోతాయి.

వైట్ బర్డ్ దిగేటప్పుడు మధ్యలో లోయ కనపడేలా ఆగే చోటు ఉంటుంది, 1877 జూన్ 17న నెజ్ పెర్స్ అనే స్థానిక తెగవాళ్ళు అమెరికా సైన్యాన్ని ఓడించింది ఆ లోయలోనే, 34 మంది సైనికులు పోయారు, నెజ్ పెర్స్ వైపు ఒక్కరూ పోలేదు. చూడాల్సిన చోటే, కానీ నా సలహా బ్రేకులు చల్లారడానికి కూడా అది మంచి చోటు అని. లూయిస్టన్ దగ్గర 1917 నాటి పాత స్పైరల్ హైవే కూడా ఉంది, కారులో అయితే బ్రహ్మాండం, ఆర్వీలో వద్దు.

నది ఒడ్డున

లూయిస్టన్‌లో హెల్స్ గేట్ స్టేట్ పార్క్‌లో రెండు రాత్రులు ఉండండి, జెట్ బోట్లు అక్కణ్ణించే హెల్స్ కేన్యన్‌లోకి వెళ్తాయి, మీ బండి పెట్టేసి నడుం వాల్చుకుని వేరేవాడు నడిపితే చూడొచ్చు. సముద్రం నుంచి 465 మైళ్ళ లోపల ఉన్న ఆ ఊరు ఓడరేవు అంటే నమ్మబుద్ధి కాదు, మధ్యలో ఎనిమిది డ్యాములు, ఎనిమిదింటికీ లాకులు, గోధుమల బార్జులు మెట్లు దిగినట్టు దిగిపోతాయి.

గోర్జ్‌లో మాత్రం గాలి. సాయంత్రం ఆనింగ్ (బండి పక్కన తెరుచుకునే గుడ్డ పందిరి) తెరిచి కింద కుర్చీలేసుకుని టీ తాగుదాం అని అందరికీ ఉంటుంది, కుర్చీలు వేసుకోండి, ఆనింగ్ మాత్రం మడిచే ఉంచండి. హుడ్ రివర్ వంతెన, బ్రిడ్జ్ ఆఫ్ ది గాడ్స్, రెండూ 1920ల నాటివి, ఇరుకు, ఆర్వీలో అటు దాటే పని పెట్టుకోకండి. నదికి రెండు ఒడ్డులా రైలు పట్టాలే, రాత్రంతా గూడ్స్ బళ్ళు కూత పెడుతూనే ఉంటాయి, చెవుల్లో పెట్టుకునే దూది మర్చిపోకండి. పగలు బాన్విల్ డ్యామ్‌లో చేపల నిచ్చెన దగ్గర కిటికీలోంచి సాల్మన్లు ఎదురీదడం చూడండి, సెప్టెంబర్ దానికి సరైన నెల.

వంట గురించి ఒక్క మాట. సైట్‌లో కరెంటు 30 ఆంప్స్ అంటే 3,600 వాట్లు, ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ మూడూ ఒకేసారి పెడితే బ్రేకర్ పడుతుంది, అన్నం వండేటప్పుడు ఏసీ ఆపండి. తిరగమోత లోపల పెట్టకూడదు. ఎండుమిరపకాయ ఘాటుకి స్మోక్ అలారం మోగుతుంది, వాసన పరుపుల్లోకి పోతుంది, అద్దె బండి తిరిగిచ్చేటప్పుడు క్లీనింగ్ కింద డబ్బులు పట్టుకుంటారు. బయట టేబుల్ మీద చిన్న పొయ్యి పెట్టుకోండి, తిన్నాక గిన్నెలూ చెత్తా అన్నీ బండిలో పెట్టెయ్యండి, ఎలుగుబంట్ల ఏరియా అది.

ఇంక డంపింగ్. గ్లవ్స్ వేసుకుని ముందు బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్‌ది), తర్వాత గ్రే (సింకు, స్నానం నీళ్ళది), సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. క్యాంప్ సైట్‌లో బ్లాక్ వాల్వ్ ఎప్పుడూ తెరిచి ఉంచకండి, నీళ్ళు కారిపోయి గట్టిది అడుగున ఉండిపోతుంది, అది వదిలించడం ఎలాగో ఇక్కడ రాసేది కాదు. ఆఖరి రోజు పోర్ట్‌లాండ్ దాటకముందే ఖాళీ చేసెయ్యండి, సియాటెల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని అద్దె షాపు మూసే టైముకి డంప్ స్టేషన్ వెతుక్కునే కంటే అదే నయం.