కాంట్రాక్టు తగాదా, సొంతంగా నేర్చుకుందాం – 3వ పాఠం: లాయర్ని కుదుర్చుకోవడం

పోయిన పాఠంలో కాగితాలన్నీ తేదీల వారీగా పేర్చుకున్నాం. మన ప్రింటింగ్ ప్రెస్సు ఉదాహరణ గుర్తుందిగా? మిషన్ ఖరీదు 10 లక్షలు. 4 లక్షలు అడ్వాన్సు ఇచ్చారు. మార్చి 1న రావాల్సింది ఏప్రిల్ 20న వచ్చింది. వచ్చాక చూస్తే గంటకు 3,000 కాగితాలు అచ్చు వేస్తుందన్న మిషన్ 1,800 దగ్గరే ఆగిపోతోంది. అమ్మిన కంపెనీ మాత్రం మిగతా 6 లక్షలు కట్టమని వెంటపడుతోంది. ఇప్పుడు ప్రెస్సు యజమాని లాయర్ని వెతుక్కోవాలి.

వెతకడానికి ముందు ఒప్పందం చివరి పేజీలు తీయండి. సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చదవని పేజీలవి. ఏ లాయర్ కావాలో అక్కడే రాసి ఉంటుంది. తగాదా వస్తే ఆర్బిట్రేషన్‌కి (కోర్టు బయట మధ్యవర్తి విని తీర్పు ఇచ్చే పద్ధతి) వెళ్లాలని ఉందా, కోర్టుకా? కోర్టుకైతే ఏ ఊరి కోర్టుకి? ఏ దేశపు చట్టం వర్తిస్తుంది? కేసు వేసే ముందు ఇన్ని రోజుల నోటీసు ఇవ్వాలన్న షరతు ఉందా? ఆర్బిట్రేషన్ అని ఉంటే, ఎప్పుడూ కోర్టు వాదనలే చేసిన లాయర్ కన్నా ఆ పద్ధతిలో అనుభవం ఉన్నవాళ్లు నయం. వేరే దేశపు కంపెనీతో చేసుకున్న ఒప్పందాల్లో ఈ షరతు ఎక్కువగా కనిపిస్తుంది. దానికి కారణం ఉంది. 1958 నాటి న్యూయార్క్ ఒడంబడికలో 170కి పైగా దేశాలు చేరాయి కాబట్టి ఒక దేశంలో వచ్చిన ఆర్బిట్రేషన్ తీర్పును మరో దేశంలో అమలు చేయించుకోవడం తేలిక. కోర్టు తీర్పుకి అంత సులువు లేదు.

రెండోది గడువు. ఒప్పందం తప్పినందుకు దావా వేయడానికి మామూలుగా ఇండియాలో 3 ఏళ్లు, ఇంగ్లండ్‌లో 6 ఏళ్లు, కాలిఫోర్నియాలో రాతపూర్వక ఒప్పందమైతే 4 ఏళ్లు. జర్మనీలో 3 ఏళ్లే గానీ, లెక్క సాధారణంగా ఆ సంవత్సరం ముగిశాక మొదలవుతుంది. "మాట్లాడుకుంటున్నాంగా, తొందరేముంది" అనుకుంటూ ఉంటే గడువు తనంతట తాను ఆగిపోతుందని నమ్మకండి, చాలాచోట్ల ఆగదు. గడువు దగ్గర పడిందని అనుమానం వస్తే, మిగతా పాఠం తర్వాత చదవొచ్చు, ముందు లాయర్‌కి ఫోన్ చేయండి.

ఇక మనిషిని వెతకడం. చాలామంది తెలిసినవాళ్ల లాయర్ దగ్గరికే పోతారు. ఆయన విడాకుల కేసుల్లో దిట్ట కావచ్చు, క్రిమినల్ కేసుల్లో పేరు మోసినవాడు కావచ్చు. కాంట్రాక్టు తగాదా వేరే పని. వ్యాపార ఒప్పందాల కేసులు తరచూ చూసే లాయర్ కావాలి. మీ అకౌంటెంటునో, అదే రంగంలో ఉన్న మరో వ్యాపారినో అడిగితే రెండు మూడు పేర్లు దొరుకుతాయి. స్థానిక బార్ అసోసియేషన్‌ని అడిగినా చెబుతారు. ఆ పేర్లు లాయర్లుగా నమోదై ఉన్నాయో లేదో చూసుకోవడం అయిదు నిమిషాల పని.

కలవడానికి వెళ్లే ముందు ఒక్క పేజీ రాసుకోండి. ఒక్కటే, రెండో పేజీకి పోవద్దు. మన యజమాని పేజీ ఇలా ఉంటుంది:

"జనవరి 10: ఒప్పందం, అడ్వాన్సు 4 లక్షలు. జనవరి 28: ఏప్రిల్‌లో పెద్ద ఆర్డరు ఉంది, ఆలస్యమైతే అది పోతుందని వాళ్లకి ఈమెయిల్ పంపాను. మార్చి 1: మిషన్ రాలేదు. ఏప్రిల్ 8: ఆ ఆర్డరు రద్దయింది. ఏప్రిల్ 20: మిషన్ వచ్చింది, 'సరుకు సవ్యంగా అందింది' అన్న చలానాపై నా సంతకం. ఏప్రిల్ 23: స్పీడు రావడం లేదని వాట్సాప్ మెసేజ్. జవాబు లేదు. నాకు కావాల్సింది: మిషన్ వెనక్కి తీసుకుని అడ్వాన్సు ఇవ్వాలి, పోయిన ఆర్డరు నష్టం కట్టాలి."

ఇందులో కోపం లేదు, "మోసగాళ్లు" అన్న మాట లేదు. తనకు అడ్డం తిరిగే చలానా సంతకాన్ని కూడా దాచలేదు. ఈ పేజీ లాయర్ చేతికిచ్చి, ఆయన చూపు ఎక్కడ ఆగుతుందో గమనించండి. నా లెక్కలో అసలు ఇంటర్వ్యూ అదే. మంచి లాయర్ చలానా దగ్గర ఆగుతాడు. "సంతకం పెట్టేముందు మిషన్ నడిపి చూశారా? చలానా మీద చిన్న అక్షరాల్లో ఇంకేమైనా ఉందా?" అని అడుగుతాడు. తర్వాత జనవరి 28 ఈమెయిల్ చూపించమంటాడు.

ఆ ఈమెయిల్ అంత ముఖ్యం ఎందుకయింది? ఇంగ్లండ్‌లో 1854లో హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ అనే కేసు నడిచింది. గ్లోస్టర్‌లో ఒక పిండిమర ఇరుసు విరిగింది. కొత్తది చేయించడానికి నమూనాగా విరిగినదాన్ని పంపితే, రవాణా కంపెనీ ఆలస్యం చేసింది. అన్ని రోజులూ మర మూతపడింది. ఆ నష్టం కట్టమని యజమానులు అడిగారు. ఇరుసు రాకపోతే మర మొత్తం ఆగిపోతుందన్న సంగతి రవాణావాళ్లకి ఒప్పందం నాటికి తెలియదు కాబట్టి, పోయిన లాభాన్ని వాళ్ల నెత్తిన వేయలేమంది కోర్టు. ఉల్లంఘన వల్ల మామూలుగా వచ్చే నష్టమైనా కావాలి, ఒప్పందం చేసుకున్నప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టమైనా కావాలి. ఇప్పటికీ ఎన్నో దేశాల్లో ఇదే కొలత. మన యజమాని ఈమెయిల్ జనవరి 28న వెళ్లింది, ఒప్పందం జనవరి 10న అయింది. 18 రోజులు ఆలస్యం! జనవరి 10కి ముందు మాటల్లోనైనా ఆ ఆర్డరు సంగతి చెప్పినట్టు రుజువు దొరుకుతుందా అని లాయర్ తవ్వాలి. తవ్వకుండా "ఈమెయిల్ ఉందిగా, నష్టం మొత్తం వసూలు చేసేద్దాం" అనేవాడి దగ్గర జాగ్రత్త.

మీరూ ఒక ప్రశ్న అడగండి: "అవతలి పార్టీ లాయర్ మీరే అయితే ఏం వాదిస్తారు?" చెప్పలేకపోయినా, చెప్పడానికి ఇష్టపడకపోయినా మరో లాయర్ని చూసుకోండి. గెలుపు గ్యారంటీ అన్నా అంతే. అవతలి కంపెనీకి ఎప్పుడైనా పని చేశారా అన్నది మొహమాటపడకుండా అడగాలి. అది కేసు వివరాలన్నీ చెప్పేముందే అడగాల్సిన ప్రశ్న. మీ ఫైలు రోజూ చూసేది ఆయనా, జూనియరా అన్నది కూడా తెలుసుకోండి. జూనియర్ చూడటం తప్పేమీ కాదు, ముందే తెలియాలంతే.

ఫీజు దగ్గర అందరికీ టెన్షనే. గంటల లెక్కన తీసుకునేవాళ్లున్నారు, దశల వారీగా ఇంత అని ఖాయం చేసేవాళ్లున్నారు. వసూలైనదాంట్లో వాటా తీసుకునే పద్ధతి అమెరికాలో ఉంది, ఇండియాలో లాయర్లు అలా తీసుకోవడం నిషేధం. గెలిస్తే అవతలివాళ్ల నుంచి ఖర్చులు వస్తాయా అన్నదీ చోటును బట్టి మారుతుంది. ఇంగ్లండ్‌లో సాధారణంగా ఓడినవాళ్లు గెలిచినవాళ్ల ఖర్చులో చాలా భాగం భరిస్తారు. అమెరికాలో ఒప్పందమో చట్టమో చెబితే తప్ప ఎవరి లాయర్ ఫీజు వాళ్లదే. కాబట్టి "మొత్తం ఎంతవుతుంది" అని అడిగి ఊరుకోకండి. నోటీసు వరకు ఎంత, రాజీ కుదిరితే ఎంత, విచారణ దాకా పోతే ఎంత, కోర్టు ఫీజు, నిపుణుడి రిపోర్టు ఇందులో కలిశాయా లేదా అని విడివిడిగా అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. 4 లక్షల కోసం 5 లక్షలు ఖర్చయ్యే కేసైతే, ఆ మాట ముందే మొహాన చెప్పే లాయర్ దొరకడం అదృష్టం.

లాయర్ కుదిరేదాకా మిషన్‌ని మూలన పడేసి కూర్చోవద్దు. నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం మీరు కూడా చేయాలని చాలా దేశాల చట్టం అడుగుతుంది. తగ్గించుకోగలిగి వదిలేసిన నష్టాన్ని పరిహారంలోంచి కోసేస్తారు. కానీ మిషన్‌ని వెనక్కి ఇచ్చేయాలనుకుంటూనే రోజూ వాడుకుంటే, దాన్ని ఒప్పుకున్నట్టే అనే వాదనా వస్తుంది. వాడాలా, ఆపాలా అన్నదే మొదటి భేటీలో మీరు అడగాల్సిన మొదటి సలహా.

ఈ వారం అభ్యాసం: మీ తగాదాని, లేదంటే ప్రెస్సు యజమాని తగాదాని అవతలి కంపెనీ వైపు నుంచి ఒక్క పేజీలో రాయండి. అవే తేదీలు, అవే కాగితాలు. చలానా సంతకం ఈసారి మొదటి వాక్యంలోనే రావాలి. వచ్చే పాఠంలో లీగల్ నోటీసు ముసాయిదాని ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకునే రాస్తాం.