వానలు దిగక ముందే కరెంటు గ్రిల్ సంగతి చూసుకోండి

జూన్ నడిమిలో, రజ పండక్కి కాస్త అటూ ఇటూగా, ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు వానలు మొదలవుతాయి. అప్పట్నుంచి తుఫాన్ల గండం గడిచేదాకా, అంటే అక్టోబరు దాటేదాకా, వంటింట్లో కరెంటు సామాను మీద ఒక కన్నేసి ఉంచాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. రెండుసార్లూ గంజాం, గజపతి జిల్లాల్లో కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. అంత పెద్ద తుఫానే రానక్కర్లేదు. సాయంత్రం ఉరిమిన ప్రతిసారీ కరెంటు పోయి వచ్చినా చాలు. పైనొకటి, కిందొకటి పళ్లాలుండి మధ్యలో ముక్క పెట్టి కాల్చే గ్రిల్‌లో వేడి, నూనె జిడ్డు, తడి మూడూ ఒకేచోట కలుస్తాయి. అందుకే మిక్సీ కంటే దీనికే జాగ్రత్త ఎక్కువ కావాలి.

మొదటి అలవాటు: కరెంటు పోగానే ప్లగ్గు పీకేయాలి. చవక రకాల్లో చాలావాటికి ఆన్-ఆఫ్ బటనే ఉండదు, ప్లగ్గు పెడితే వేడెక్కుతాయి, అంతే. కరెంటు పోయింది కదా అని గ్రిల్‌ని అలాగే వదిలేసి డాబా మీద బట్టలు తీయడానికి పరిగెడతారు, ఆ తర్వాత దాని ఊసే మరిచిపోతారు. రాత్రి పదకొండుకి కరెంటు వస్తుంది. ఇంట్లోవాళ్లు నిద్రలో ఉంటారు, గ్రిల్ మాత్రం మళ్లీ వేడెక్కుతుంది. లోపల ఉండిపోయిన ముక్క మాడుతుంది, జిడ్డు పొగలు కక్కుతుంది, పక్కన ప్లాస్టిక్ డబ్బానో కిటికీ తెరో ఉంటే అంటుకుంటుంది.

వచ్చిన కరెంటునైనా వెంటనే నమ్మకూడదు. గాలికి లైన్లో న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావాల్సిన ఇంటికి 300 పైన కూడా రావచ్చు. బల్బులు మామూలుగా వెలుగుతున్నాయా, మరీ ధగధగలాడుతున్నాయా చూసి, ఐదు పది నిమిషాలాగి ప్లగ్గు పెట్టండి. తేడాగా ఉంటే మెయిన్ ఆపి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. పిడుగుపాటును ఒడిశా ప్రభుత్వం 2015లోనే రాష్ట్ర విపత్తుల్లో చేర్చింది. మబ్బు కమ్ముతున్నప్పుడే ప్లగ్గు తీసేయాలి. పిడుగులు దగ్గర్లో పడుతుండగా వెళ్లి దాన్ని ముట్టుకోకూడదు.

సగం ఉడికిన చికెన్‌ని కరెంటు వస్తుందిలే అని గ్రిల్‌లోనే ఉంచొద్దు. గోరువెచ్చగా ఉన్న పచ్చి మాంసంలో సూక్ష్మజీవులు చాలా వేగంగా పెరుగుతాయి. వెంటనే పెనం మీదకి మార్చి గ్యాస్ మీద ముగించండి.

వోల్టేజి పడిపోయినప్పుడు ఇంకో చిక్కుంది. 1000 వాట్ల గ్రిల్‌కి 180 వోల్టులే అందితే వచ్చే వేడి 610 వాట్ల దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది. గ్రిల్‌కి నష్టమేమీ లేదు, పాడయ్యేది వంటే. ముక్క వేయగానే పళ్లెం చల్లబడి, మళ్లీ వేడెక్కలేక, చికెన్ తన నీటిలోనే ఉడికి తెల్లగా పాలిపోతుంది. ఖాళీగా మూత వేసి పెట్టిన పది నిమిషాలకి కూడా 'రెడీ' లైటు మారకపోతే ఆ పూటకి మాంసం పెట్టకండి, బ్రెడ్డుతో సరిపెట్టుకోండి. ఇళ్లల్లో ఉండే 800 వీఏ ఇన్వర్టరు ఈ గ్రిల్‌ని మోయలేదు.

సాకెట్ విషయానికొస్తే, 1000 వాట్ల గ్రిల్ నాలుగున్నర యాంప్స్ దాకా లాగుతుంది, 2000 వాట్లది తొమ్మిది దాకా. పెద్దదాన్ని 16 యాంప్స్ పవర్ సాకెట్‌కే పెట్టాలి, వెనక 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుండాలి. చిన్న ప్లగ్గు మార్పించుకుని సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించేవాళ్లున్నారు. బాక్సు నల్లబడటం, కాలిన వాసన రావడం అక్కడే మొదలవుతాయి. మూడు కాళ్ల ప్లగ్గులో లావుపాటి కాలు ఎర్తింగుది. అది విరిచేసో, రెండు కాళ్ల అడాప్టరు పెట్టో వాడితే, లోపల లీకైన కరెంటంతా పళ్లెం మీద మీ చేతికోసం కాచుకుని ఉంటుంది. తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడి గ్రిల్ తెరవకండి. ఇంటికి 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) లేకపోతే వానలకి ముందే పెట్టించుకోవడం మంచిది.

ఇక వంట. వోల్టేజి సరిగ్గా ఉంటే ఐదు నిమిషాలు మూత వేసి వేడెక్కనివ్వండి, అంతకుమించి ఖాళీగా కాల్చొద్దు. పళ్లాల మీది నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీలు దాటితే చెడి పొగ వదలడం మొదలవుతుంది. మామూలుగా గ్రిల్ అంత వేడికి పోదు, కానీ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ చెడితే పోతుంది. ఆ పొగకి పంజరంలో పిట్టలు చచ్చిపోతాయి. వానని కిటికీలన్నీ బిగించేస్తాం కాబట్టి లవ్‌బర్డ్స్ ఉన్న ఇంట్లో గ్రిల్‌ని వాటికి దూరంగా పెట్టుకోవాలి.

ఎముక ఉన్న ముక్క పెడితే పై పళ్లెం ఎముక మీదే ఆగి కండని తాకదు. ఎముక లేనివి, ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల మందంలో, అన్నీ ఒకే మందానికి కోసుకోండి. చికెన్‌కి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు, ముళ్లు తీసిన కోనాం చేప ముక్కకి నాలుగైదు. చికెన్ లోపల 74 డిగ్రీలు రావాలి. థర్మామీటరు లేకపోతే అన్నిటికన్నా మందంగా ఉన్న ముక్కని కోసి చూడండి, గులాబి రంగు అసలు ఉండకూడదు. పెరుగు మసాలాని విదిలించి పెట్టండి, లేకపోతే గాళ్లలో పడి మాడుతుంది. తేనె, టమాటా సాసు ఆఖరి నిమిషంలోనే పూయాలి. ఛెనా (విరిచిన పాల ముద్ద) అంటుకుపోతుంది, గట్టి పనీర్ అయితే నిలుస్తుంది. రజ పండక్కి చేసే మందపాటి పొడొపిఠా మాత్రం దీంట్లో చేద్దామని చూడకండి: పైనా కిందా మాడి, నడుము పచ్చిగా మిగులుతుంది.

నూనె చెంచాలో సగం చాలు, గుడ్డతో పళ్లానికి రాయండి. డబ్బాలో వచ్చే నూనె స్ప్రేలు వద్దు. వాటిలోని లెసిథిన్ కాలి గోధుమరంగు బంకలా పేరుకుంటుంది, ఇక ఎంత కడిగినా వదలదు. నూనె ట్రే సరిగ్గా కింద ఉందో లేదో ప్రతిసారీ చూడండి. పంది మాంసం, తోలున్న చికెన్ కాల్చేటప్పుడు ఒక్క విడతలోనే నిండిపోవచ్చు. జిడ్డుకి మంట అంటుకుంటే నీళ్లు పోయొద్దు. మెయిన్ ఆపేసి, చేయి కాలకుండా వీలైతే మూత వేసేయండి.

శుభ్రం చేయడంలోనే ఎక్కువ గ్రిల్లులు పాడవుతాయి. చుర్రుమనేలా కాలుతున్న పళ్లెం మీద చల్లనీళ్లు పోస్తే పళ్లెం వంకరపోతుంది, పూత లేస్తుంది, ఆవిరి చేతిని కాలుస్తుంది. పూర్తిగా చల్లారినా ఇబ్బందే, జిడ్డు గట్టిపడుతుంది. ప్లగ్గు పీకి, చేయి ఆన్చగలిగేంత గోరువెచ్చగా అయ్యాక, రెండు మడతలు వేసి పిండిన తడి గుడ్డని పళ్లాల మధ్య పెట్టి మూత వేయండి. పది నిమిషాలకి మాడు ఉబ్బి వదులవుతుంది. గాళ్లకి వెదురు పుల్లో, పాత టూత్‌బ్రష్షో చాలు. స్టీలు పీచు, ఇసుక, బూడిద ఏవీ ముట్టించొద్దు. కొబ్బరి పీచు కూడా గీతలు పెడుతుంది, బీర పీచు నానబెట్టుకుంటే మెత్తగా పని చేస్తుంది. మొండి మచ్చకి వంటసోడా ముద్ద పదిహేను నిమిషాలుంచి తుడవండి. పొయ్యిలు కడిగే కాస్టిక్ మందు అల్యూమినియాన్ని తినేస్తుంది.

పళ్లాలు ఊడి వచ్చే రకమైతే వాటిని మాత్రం కడగండి, వెనకవైపు కూడా పొడిగా తుడిచి, గాలికి ఆరనిచ్చాకే బిగించండి. ఊడని రకాన్ని కుళాయి కింద పెట్టకూడదు. కీలు దగ్గర దిగిన నీళ్లు వైర్ల దాకా పోతాయి. ట్రేలో నూనెని సింకులో పోయకుండా పాత పేపరుకి పీల్చి చెత్తలో వేయండి. రాత్రంతా వదిలేస్తే బొద్దింకలు వస్తాయి, వాటి వెనకే ఎలుకలు. వైరు కొరికేది అవే.

కార్తీకంలో గ్రిల్ మూలపడే ఇళ్లు చాలా. పళ్లాల మధ్య పొడి గుడ్డ పెట్టి, గాలి తగిలే అలమరలో, నేలకి ఎత్తులో ఉంచండి. తిరిగి తీసినప్పుడు వైరు పొడవునా వేళ్లతో తడిమి, ఎండలో ఓ పూట పెట్టాకే ప్లగ్గు పెట్టండి. పళ్లాన్ని వేడెక్కించే ఎలిమెంటు లోపలి తెల్లటి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి వాన గాలి నుంచి తేమ పీలుస్తుంది, దాంతో ఆర్‌సీసీబీ టక్కున పడిపోతుంది. ఎండబెట్టాక కూడా పడుతుంటే, ఆర్‌సీసీబీనే చెడిందని దాన్ని తప్పించి వాడొద్దు. గ్రిల్‌ని ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లి కరెంటు లీకవుతోందో లేదో చూసే 500 వోల్టుల మెగ్గర్‌తో పరీక్ష చేయించండి.