ఎండలో పనికి దిగే ముందు జాగ్రత్తలు

ముందు ఫోన్‌లో యూవీ ఇండెక్స్ (ఎండలో అతినీలలోహిత కిరణాల తీవ్రత చెప్పే అంకె) చూడండి. 3 గానీ అంతకు మించి గానీ ఉంటే చర్మాన్ని కాపాడుకోవాల్సిందే. మబ్బు పట్టిందని ధీమా వద్దు, పల్చటి మబ్బుల్లోంచి అతినీలలోహిత కిరణాలు చాలావరకు దిగుతాయి.

- వీలైతే పని ఉదయం 10 లోపు, లేదా సాయంత్రం 4 తర్వాత.
- పొడుగు చేతుల చొక్కా. వెలుతురుకి పట్టి చూడండి, అవతల మీ వేళ్లు కనిపిస్తుంటే ఆ బట్ట చాలదు.
- చుట్టూ అంచున్న టోపీ, చలువ కళ్లద్దాలు.
- బ్రాడ్ స్పెక్ట్రమ్ (రెండు రకాల అతినీలలోహిత కిరణాలనూ అడ్డుకునే) సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) కనీసం 30. బయల్దేరడానికి 20 నిమిషాల ముందే రాయండి. చెవుల పైఅంచులు, మెడ వెనక, పాదాల పైభాగం దాదాపు అందరం మర్చిపోతాం, దయచేసి అక్కడా రాయండి. 2 గంటలకోసారి, చెమట తుడుచుకున్నాక మళ్లీ.

చామనఛాయ వాళ్లకి చర్మ క్యాన్సర్ ముప్పు తక్కువే, కానీ లేకపోలేదు. పుట్టుమచ్చ ఆకారమో రంగో మారుతుంటే డాక్టర్‌కి చూపించండి.