రాత్రి చదువులో చిరుతిండి ఆపడం: నా అనుభవం

ఒంగోలులో పగలు ఉద్యోగం, రాత్రి పోటీ పరీక్షల చదువు. పుస్తకం పక్కన కారప్పూస పొట్లం చేరడానికి ఒత్తిడి ఎంత కారణమో, ఆకలీ అంతే. ఒంటిగంటకు అన్నం తిని, రాత్రి తొమ్మిదిన్నర దాకా టీలతో నెట్టుకొస్తే ఎంత గట్టి మనసైనా లొంగిపోతుంది. అందుకే ముందు సాయంత్రాన్ని సరిచేయాలి.

ఆరింటికి 30 గ్రాముల వేయించిన సెనగలు, అంటే ఓ గుప్పెడు, ఒక జామకాయ తినాలి. సెనగలు మా జిల్లా పంటే, ఏ అంగట్లోనైనా దొరుకుతాయి. ఆ గుప్పెడులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, పీచు ఉంటాయి కాబట్టి బిస్కెట్ల మాదిరి వెంటనే మళ్లీ ఆకలెయ్యదు. ఎనిమిదిన్నరకల్లా భోజనం. పప్పో గుడ్డో తప్పనిసరి.

అయినా చెయ్యి డబ్బా వైపు పోతే పల్చటి మజ్జిగ తాగి, మిద్దె మీద 10 నిమిషాలు నడవండి. అప్పుడు ఉత్త చారన్నమైనా చాలనిపిస్తే అది ఆకలి, తినేయండి. మిక్చరే కావాలనిపిస్తే ఒత్తిడి. ఆ పాఠం పక్కనపెట్టి తేలికైనది పట్టుకోండి.

చాలామందికి దెబ్బకొట్టేది నిద్ర. అది తగ్గితే మర్నాడు ఆకలి పెంచే హార్మోను ఎక్కువవుతుంది. సాయంత్రం ఐదు తర్వాత టీ వద్దు. చిరుతిండి పూర్తిగా మానక్కర్లేదు: చిన్న గిన్నెలో పోసుకుని, పుస్తకం మూసి తినండి.